పిల్లల ఉక్రెయిన్ జానపద నృత్య దుస్తులు: కుట్టు, కట్టు, ఉతుకు, దాపు – తరచుగా అడిగే ప్రశ్నలు

సెప్టెంబరులో తరగతులు మొదలైనప్పటి నుంచి జూన్‌లో దుస్తులు తిరిగిచ్చే దాకా ఈ సందేహాలే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. కెనడాలో ఎడ్మంటన్, విన్నిపెగ్, సస్కటూన్ వైపు పిల్లల్ని ఉక్రెయిన్ నృత్య బడిలో చేర్పించిన తెలుగు ఇళ్లలో ఇంకాస్త ఎక్కువ. కూచిపూడి దుస్తులు చూసిన కళ్లకు కొన్ని తెలిసినట్టే ఉంటాయి గానీ కట్టే తీరూ ఉతికే తీరూ వేరు. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకునేలా రాశాం.

## చేరిన కొత్తలో

మొదటి నెలలోనే డ్రెస్సంతా కొనేయాలా?

వద్దు. క్లాసుకు ఒంటికి అతుక్కునే నల్ల దుస్తులు, మెత్తని అడుగున్న నాట్య బూట్లు చాలు. స్టేజీ దుస్తులు చాలా బడుల్లో బడివే. డిపాజిట్ తీసుకుని ఏడాదికి ఇస్తారు. తల్లిదండ్రులు కొనాల్సినవి సాధారణంగా మేజోళ్లు, బూట్లు, కొన్నిచోట్ల చొక్కా. బూట్ల రంగు అడగకుండా కొనకండి. ఒకే బడిలో ఒక బృందానికి ఎరుపు, ఇంకో బృందానికి నలుపు ఉండొచ్చు.

"పోల్తావా డ్రెస్, హుత్సూల్ డ్రెస్" అంటున్నారు. రెండూ ఉక్రెయిన్‌వే కదా, తేడా ఏమిటి?

గద్వాల చీరకూ వెంకటగిరి చీరకూ ఉన్నంత తేడా ఉంది, ఇంకా ఎక్కువే. పోల్తావా మధ్య ఉక్రెయిన్. ఆడపిల్లలకు కుట్టుపని చేసిన తెల్ల చొక్కా, లంగా లేదా గళ్ల ఉన్ని బట్టతో చేసిన 'ప్లాఖ్తా', ముందు 'జపాస్కా' అనే ఏప్రన్, నడుము దగ్గర బిగువుగా ఉండి కింద విచ్చుకునే చేతుల్లేని వెల్వెట్ జాకెట్ 'కెర్సెత్కా', తలమీద రిబ్బన్లు వేలాడే పూల కిరీటం 'వినోక్', మెడలో ఎర్ర పూసల 'నమీస్తో', ఎర్ర బూట్లు. మగపిల్లలకు బాగా వెడల్పాటి 'షరొవారి' పైజామా, దానిపై పొడుగాటి నడికట్టు 'పోయాస్', బూట్లు.

హుత్సూల్‌లు కార్పాతియన్ కొండల వాళ్లు. వాళ్లది 'కెప్తార్' అనే చేతుల్లేని గొర్రెతోలు కోటు, లంగాకు బదులు ముందొకటి వెనకొకటి కట్టే రెండు ఉన్ని వస్త్రాలు, కాళ్లకు బూట్లు కాకుండా 'పొస్తొలి' అనే తోలు చెప్పులు, వాటిలో ఉన్ని మేజోళ్లు. మగపిల్లలకు ఇరుకు ప్యాంటు, వెడల్పాటి తోలు బెల్టు. షరొవారి మీద కెప్తార్ వేస్తే, తెలిసినవాళ్ల కంటికి అది పంచెకట్టు మీద కోటు కాదు, ఇంకా అన్యాయం.

ఇంకో సంగతి. పోల్తావా ఊళ్లలో పేరున్న కుట్టు తెల్ల బట్ట మీద తెల్ల దారం. స్టేజీ మీద అది పది వరసల అవతలికి కనపడదు కాబట్టి నృత్య దుస్తుల మీద ఎరుపు, నలుపు దారాలు ఎక్కువ వాడతారు. మీ పిల్ల చొక్కా మ్యూజియంలో ఉన్నదానిలా లేదంటే అది తప్పు కాదు.

మా పాప బొట్టు, గాజులు, పట్టీలు తీసేయాలా?

స్టేజీ మీద అవును. పదహారు మంది ఒక్కలా కనపడాలన్నదే లెక్క. గాజులు, పట్టీలు తీయడానికి ఇంకో కారణం కూడా ఉంది. చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగేటప్పుడు పక్క పిల్ల చేతికి గీసుకుంటాయి, పట్టీ లంగా అంచులో ఇరుక్కుంటుంది. చిన్న చెవి దిద్దులు సాధారణంగా ఉంచనిస్తారు. ముక్కుపుడక తీయలేనిదైతే ముందే టీచర్‌కు చెప్పండి.

వినోక్ చాలా బాగుంది, ఉత్సవానికి నేను కూడా పెట్టుకోవచ్చా?

సంప్రదాయం ప్రకారం అది పెళ్లికాని పిల్లల అలంకారం. పెళ్లయిన వాళ్లు తలకు రుమాలు కడతారు. ఎవరూ తిట్టరు గానీ పెద్దవాళ్లు ముసిముసిగా నవ్వుకుంటారు. మే మూడో గురువారం వచ్చే విషివాంక దినానికి కుట్టుపని చొక్కా వేసుకోండి, దానికి ఏ అడ్డూ లేదు.

## కొలతలు, కుట్టు

కొలతలు ఎలా తీయాలి? ఇంట్లో సరిపోయిన చొక్కా స్టేజీ మీద ఎందుకు పైకి లేస్తోంది?

పిల్లను నిటారుగా నిలబెట్టి కొలిచారు కాబట్టి. ఈ నృత్యంలో నిలబడేది తక్కువ. ఛాతీ, నడుము, తుంటి కొలతలతో పాటు మరో మూడు తీయాలి. భుజం మీంచి కాళ్ల మధ్యగా చుట్టి మళ్లీ భుజం దాకా ఒక చుట్టు. మోచేయి మడిచి ఉంచి భుజం నుంచి మణికట్టు దాకా చేయి. బూటు కోసం పిక్క చుట్టుకొలత.

తర్వాత వేసి చూసేటప్పుడు అద్దం ముందు నిలబెట్టకండి. రెండు చేతులూ పైకెత్తించండి, నేలకు గొంతుక్కూచోబెట్టండి, నాలుగు చుట్లు తిప్పండి. చేతులెత్తగానే చొక్కా నడుములోంచి ఊడి వస్తే తప్పు పొడవుది కాకపోవచ్చు, చంకది. పాతకాలపు ఉక్రెయిన్ చొక్కాలకు చంకలో 'లాస్త్కా' అనే చదరపు ముక్క ఉంటుంది. చేయి లేచినప్పుడు అది విచ్చుకుంటుంది, చొక్కాను పైకి లాగదు. దర్జీ పని తగ్గించుకోవడానికి దాన్ని వదిలేస్తేనే ఈ తిప్పలన్నీ. పిల్లలకు 7 నుంచి 8 సెంటీమీటర్ల చదరం సరిపోతుంది. కుట్టేసిన చొక్కాకైతే కింది అంచుకు ముందు నుంచి వెనక్కి కాళ్ల మధ్యగా ఒక ఇలాస్టిక్ పట్టీ, రెండు టిచ్ బటన్లు పెట్టండి.

విజయవాడలో మా టైలర్‌తో కుట్టించి తెప్పించుకోవచ్చా?

కొన్ని నిక్షేపంగా. లోపలి పావడా, లంగా, షరొవారి మన దర్జీలకు చేయి తిరిగిన పనులే. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ కూడా బాగానే చేస్తారు. బడి ఇచ్చిన నమూనా నుంచి క్రాస్ స్టిచ్ లెక్క మారకుండా చేయమని గట్టిగా చెప్పండి, లేకపోతే "ఇంకాస్త అందంగా" అని జరీ, చమ్కీ చేర్చి పంపుతారు. వెల్వెట్ జాకెట్టు మాత్రం అక్కడ కుట్టించకండి. బృందం అంతా ఒకే తానులోంచి కోసినది వేసుకుంటుంది. వేరే తాను ఎరుపు ఫ్లడ్‌లైట్ కింద ఇట్టే బయటపడుతుంది. వెల్వెట్ నూగు వాలు ఒక ముక్కకు పైకి, ఇంకో ముక్కకు కిందికి ఉన్నా రెండు రంగుల్లా కనపడుతుంది.

బాబు షరొవారి ప్రతిసారీ కాళ్ల మధ్య చిరిగిపోతోంది. బట్ట మంచిది కాదా?

బట్టది తప్పు కాదు, కటింగ్‌ది. మగపిల్లల నాట్యంలో 'ప్రిసీద్కా' ఉంటుంది. గుంజీలు తీస్తూ ఒక్కో కాలు ముందుకు విసరడం. మామూలు పైజామాలా నాలుగు కుట్లూ ఒకేచోట కలిస్తే ఆ చుక్క మీదే బరువంతా పడుతుంది. అక్కడ కుట్టు విప్పి, ఏటవాలుగా ఒక నాలుగు మూలల ముక్క (పది పన్నెండు సెంటీమీటర్లది) అతికించాలి. అప్పుడు నాలుగు కుట్లూ విడివిడి మూలలకు చేరతాయి. కుట్టు పొడవు 2 మిల్లీమీటర్లు, రెండుసార్లు. పాలిస్టర్ దారం. నూలు దారం తెగుతుంది.

చీలమండ దగ్గర ఇలాస్టిక్ మరీ బిగువైతే బట్ట కిందికి జారలేదు, మోకాలు మడిచినప్పుడు లాగుడంతా పైకే వెళ్తుంది. బూటులోకి దోపాక కూడా మోకాలి మీద పిడికెడు బట్ట వదులుగా వేలాడాలి. బట్ట మిగిలితే ఇరుకు చేయించకండి. గాల్లోకి ఎగిరినప్పుడు ఉబ్బడానికే ఆ వెడల్పు.

ఏడాదికి ఒక సైజు ఎదుగుతోంది. ఒకే డ్రెస్ రెండు మూడేళ్లు ఎలా నడపాలి?

కుట్టించేటప్పుడే ఎదుగుదలకు చోటు పెట్టించండి. లంగాకు కింద 6 సెంటీమీటర్ల మడత, జాకెట్టు పక్క కుట్లలో రెండేసి సెంటీమీటర్లు, నడుము పట్టీకి మూడు వరసల హుక్కులు. లంగాకు ఏప్రన్ కింద అడ్డంగా ఒక టక్కు వేస్తే అది చూసేవాళ్లకు కనపడదు, వచ్చే ఏడు విప్పుకోవచ్చు. వెల్వెట్‌కు మాత్రం మడత విప్పితే పాత గీత ఉండిపోతుంది. అక్కడ పొడవు పెంచే ఆశ వద్దు, వెడల్పు ఒక్కటే.

హుక్కుల బదులు వెల్క్రో పెట్టమని కొందరంటారు. దాని గరుకు వైపు మేజోళ్లనూ రిబ్బన్లనూ పట్టి పీకుతుంది. హుక్కులే మేలు.

బూట్లు పెద్దవి కొని దూది కుక్కితే రెండేళ్లొస్తాయి కదా?

చెప్పులకైతే సరే. ఇక్కడ మడమ తాటింపులు, గెంతులు ఉంటాయి. పెద్ద బూటులో మడమ లేస్తే బొబ్బలొస్తాయి, చీలమండ మడత పడుతుంది. సాయంత్రం పూట, స్టేజీ మేజోళ్లు వేసి, నిలబెట్టి పాదం కొలవండి. అతి పొడుగు వేలికి ముందు బొటనవేలి గోరు సగం వెడల్పు ఖాళీ చాలు. లోపల ఒక మెత్తని అట్ట వేసి కొని, ఆర్నెల్లకు అట్ట తీసేస్తే ఇంకో అర సైజు కలిసొస్తుంది. పాత బూట్లు బడిలోనే చేతులు మారుతుంటాయి. కొనే ముందు మడమ మేకులు లోపలికి పొడుచుకొచ్చాయేమో చేయి పెట్టి తడిమి చూడండి.

ఉక్రెయిన్ నుంచే నేరుగా తెప్పించుకుంటే?

పని బాగుంటుంది, సమయం పడుతుంది. 2022 ఫిబ్రవరి నుంచి అక్కడి గగనతలం పౌర విమానాలకు మూసి ఉంది. పార్సిళ్లు రోడ్డు మీద సరిహద్దు దాటి, పక్క దేశాల నుంచి విమానం ఎక్కాలి. వసంతకాలం పోటీలకు కావాలంటే శరదృతువులోనే ఆర్డర్ పెట్టండి. పిల్ల పాదం ఈలోగా ఎదుగుతుంది కాబట్టి చొక్కా, పూసలు తెప్పించుకోండి, బూట్లు ఇక్కడే చూసుకోండి.

## ప్రదర్శన రోజు

వినోక్ ప్రతిసారీ వెనక్కి జారిపోతోంది. ఎన్ని పిన్నులు పెట్టినా నిలవడం లేదు.

ముందు తలనూనె ఆపండి. కొబ్బరినూనె రాసిన జుట్టు మీద ఏ పిన్నూ నిలవదు, పైగా శాటిన్ రిబ్బన్ల మీద నూనె మచ్చలు పడతాయి. అలాగని అదే రోజు తలంటి పోస్తే జుట్టు పట్టులా జారుతుంది. ముందురోజు పోయాలి.

నడి పాపిట తీసి, ముఖం మీద పడే వెంట్రుకలన్నీ వెనక్కి దువ్వి జడ వేయండి (ఒకటా రెండా అన్నది బడి చెప్పినట్టు). చెవులపైన రెండు వైపులా రెండేసి స్లైడులు గుణకారం గుర్తులా పెట్టండి. ఇవి పునాది. వినోక్‌ను నుదుటి జుట్టు అంచుకు వేలెడు వెనకగా పెట్టి, దాని ఇలాస్టిక్‌ను జడ కిందికి పోనివ్వండి. జడ మీదుగా వేస్తేనే వెనక్కి జారేది. ఇప్పుడు పొడుగాటి యు పిన్నులు వినోక్ పట్టీలోంచి ఆ గుణకారపు స్లైడుల కిందికి దూర్చండి. రెండు వైపులా ఒకటి, పైన రెండు, చాలు. పది గెంతులు గెంతించి, తల అడ్డంగా ఊపించి చూడండి. "నొప్పి" అంటే పిన్ను కొన నెత్తికి గుచ్చుతోంది, మార్చండి. ఏడుపుముఖంతో నాట్యం చేయలేదు.

రిబ్బన్లు ముడతలు పడ్డాయి, అంచులు పోగులు లేస్తున్నాయి.

ఇవి ఎక్కువగా పాలిస్టర్ శాటిన్. ఇస్త్రీపెట్టె అతి తక్కువ వేడిలో, మీద నూలు గుడ్డ వేసి లాగండి. జుట్టు సాపు చేసే స్ట్రెయిట్‌నర్ ఇంకా సులువు. తక్కువ వేడిలో పెట్టి, మొదట ఒక రిబ్బను చివర పరీక్షించి, పైనుంచి కిందికి ఆపకుండా ఒక్క లాగు. ఆపితే అక్కడ మెరుపు పోయి మచ్చ పడుతుంది. పోగులు లేచిన చివరను ఏటవాలుగా కత్తిరించి కొవ్వొత్తి మంట పక్కగా, మంటకు తగలకుండా, చటుక్కున దాటించండి. అంచు కరిగి మూసుకుంటుంది. నూలు, సిల్కు రిబ్బన్లకు ఇది పనికిరాదు, అవి కరగవు, కాలిపోతాయి.

బాబు నడికట్టు నాట్యం మధ్యలో విడిపోయింది. ఎలా చుట్టాలి?

పిల్లల నడికట్టు వయసును బట్టి రెండు నుంచి మూడు మీటర్లుంటుంది. చుట్టే మనిషి బాబు చుట్టూ తిరగకూడదు, బాబే తిరగాలి. బట్టను నిలువునా మూడు మడతలు చేసి, ఒక కొసను మోకాలి పైదాకా వేలాడేలా వదిలి పక్క తుంటి దగ్గర పిన్నీసు పెట్టండి. మిగతాది ఇంకొకరు బిగుతుగా పట్టుకుంటే, బాబు పొట్టనిండా గాలి పీల్చి ఉంచి అందులోకి చుట్టుకుంటూ వస్తాడు. పొట్ట లోపలికి లాక్కుని చుడితే తర్వాత ఊపిరాడదు. రెండో కొసను కూడా అదే తుంటి మీదికి తెచ్చి, చుట్ల కిందినుంచి పైకి దూర్చి కిందికి వదలండి. పిన్నీసు అడ్డంగా, లోపలి చుట్టులో పెట్టాలి. నిలువుగా పెడితే వంగినప్పుడు తెరుచుకుంటుంది. కొసలు మోకాలు దాటితే గుంజీల్లో తన కాలికే తొక్కుకుంటాడు. కుడి వైపా ఎడమ వైపా అన్నది బడి ఇష్టం, కానీ బృందమంతా ఒకే వైపు.

పూసల దండ తెగితే?

తెగక ముందే చూసుకోవాలి. స్టేజీ మీద పూసలు దొర్లితే ఇరవై కాళ్లు జారతాయి. కొన్న దండను అలాగే వాడకండి. విప్పి, గట్టి నైలాన్ దారంలో, రెండు మూడు పూసలకొక ముడి వేస్తూ మళ్లీ గుచ్చండి. తెగినా రెండు మూడు పూసలే రాలతాయి. దండల వరసలన్నీ మెడ వెనక ఒకే రిబ్బనుకు కుట్టి, ఆ రిబ్బనును చొక్కా కాలరుకు పిన్నీసుతో పెడితే తిరిగేటప్పుడు ముఖానికి కొట్టుకోవు.

చలికాలం ప్రదర్శనల్లో లంగా మేజోళ్లకు అతుక్కుపోతోంది.

మైనస్ పాతిక డిగ్రీల చలిలో హీటర్ వేసిన హాల్లో గాలి ఎండిపోయి ఉంటుంది. పాలిస్టర్ లంగా, నైలాన్ మేజోళ్లు ఒరుసుకుని స్థిరవిద్యుత్తు పుడుతుంది. మధ్యలో నూలు పావడా వేయండి. అది లేకపోతే కాళ్లకు కొంచెం లోషన్ రాసి మేజోళ్లు వేయండి, లంగా లోపలివైపు ఇనుప హ్యాంగరుతో ఒకసారి రాయండి.

తెల్ల చొక్కాకు లిప్‌స్టిక్, పౌడర్ అంటకుండా ఎలా?

మేకప్ అయ్యాక చొక్కా వేసేటప్పుడు పాప తలమీద పల్చటి చున్నీ కప్పి, దాని మీదుగా తొడగండి. అప్పటికే అంటితే తడిపి రుద్దకండి, పాకుతుంది. తెల్ల సుద్దముక్క అద్ది స్టేజీ ఎక్కించండి, ఇంటికొచ్చాక గిన్నెల సబ్బు చుక్కతో పోతుంది.

## ఉతుకు, మరకలు

కొత్త చొక్కాను ఉప్పు నీళ్లలో నానబెడితే ఎర్ర దారం రంగు నిలుస్తుందా?

కొత్త నూలు చీరకు మన ఇళ్లలో చేసే పనే గానీ, అద్దకం అయిపోయిన నూలు దారానికి ఉప్పు కొత్తగా రంగు పట్టించలేదు. వెనిగర్ కూడా అంతే. అది ఉన్ని, పట్టు అద్దకాల్లో పనికొచ్చే వస్తువు. చేయాల్సింది పరీక్ష: తడి తెల్ల గుడ్డను కుట్టు వెనక వైపు రెండు నిమిషాలు నొక్కి ఉంచండి. గులాబీ రంగు అంటితే ఆ చొక్కాను ఎప్పుడూ నానబెట్టకూడదు.

ఉతికే తీరు: తిరగేసి, చల్లటి నీళ్లలో, కొద్దిపాటి మెత్తని డిటర్జెంటుతో, ఐదు నిమిషాల్లో ముగించాలి. పిండకూడదు. పొడి తువ్వాలులో చుట్టి నొక్కి, వెంటనే పరిచి ఆరేయాలి. రంగు ఎక్కువగా దిగేది నీళ్లలో కాదు, తడిగా ముద్దలా పడి ఉన్నప్పుడు.

రంగు దిగిపోయింది! తెల్ల బట్టంతా గులాబీ అయింది!

ఆరనివ్వకండి, ఇస్త్రీ అసలే చేయకండి. ఆరితే రంగు గట్టిపడుతుంది. చల్లటి నీళ్లు మారుస్తూ మారుస్తూ జాడించండి, నీళ్లు తేటగా వచ్చేదాకా. గంట పట్టినా సరే. రంగు పీల్చే వాషింగ్ షీటు ఒకటి నీళ్లలో వేస్తే దిగిన రంగు దానికి పడుతుంది. క్లోరిన్ బ్లీచ్ వద్దు. గులాబీతో పాటు ఎరుపూ పోయి దారం నారింజ రంగుకు తిరుగుతుంది.

కుట్టుపని మీద ఇస్త్రీ ఎలా?

మందపాటి తువ్వాలు మీద చొక్కాను బోర్లా పెట్టి వెనక నుంచి. కుట్టు తువ్వాలులోకి దిగి ఉబ్బెత్తుగా నిలుస్తుంది. పైనుంచి చేస్తే నలిగిపోయి అచ్చు వేసినట్టు కనపడుతుంది.

వెల్వెట్ జాకెట్టుకు చెమట వాసన. ప్రతిసారీ డ్రైక్లీనింగా?

అక్కర్లేదు, ఎక్కువసార్లు చేస్తే నూగు చదునవుతుంది కూడా. నాటకాల దుస్తుల వాళ్లందరి చిట్కా వోడ్కా: వాసన లేని వోడ్కా, నీళ్లు సమపాళ్లలో స్ప్రే సీసాలో పోసి, జాకెట్టు తిరగేసి లైనింగ్ చంకల్లో చల్లి గాలికి ఆరేయడం. ముందు లైనింగ్ మూల పరీక్షించండి. ఇంట్లో పెద్దవాళ్లకు సీసా ఎందుకొచ్చిందో ముందే చెప్పుకోవడం మంచిది. చంకల్లో నూలు ప్యాడ్లు వదులు టాకాలతో కుట్టి, వాటిని మాత్రం తీసి ఉతుక్కుంటే ఇంకా హాయి. నలిగిన నూగుకు ఇస్త్రీ పెట్టకండి. స్నానాల గదిలో వేడి ఆవిరి నింపి హ్యాంగరుకు వేలాడదీయండి.

పులిహోర తింటుంటే పసుపు పడింది.

సబ్బు తగిలితే పసుపు ఎర్రగా మారుతుంది, భయపడకండి. క్షారానికి అది అలాగే తిరుగుతుంది. చల్లటి నీళ్లతో మెతుకులు, నూనె తీసేసి, తెల్లభాగాన్ని ఎండలో పెట్టండి. పసుపు రంగును చంపేది ఎండే. ఎర్ర కుట్టు కూడా ఎండకు వెలుస్తుంది కాబట్టి దాని మీద గుడ్డ కప్పండి. డ్రెస్ మీద తినాల్సి వస్తే నీళ్లు, అరటిపండు తప్ప ఇంకేమీ వద్దు.

ఎర్ర బూట్ల రంగు తెల్ల మేజోళ్లకు అంటుతోంది.

చెమటకు లోపలి తోలు రంగు వదులుతుంది. బూటుకూ మేజోడుకూ మధ్య పల్చటి పాత సాక్సు వేయండి. పైన ఎర్ర పాలిష్ వేస్తుంటే ఆపి, రంగులేనిది వాడండి. గీతలు పడ్డచోట తోలుకు వేసే రంగు పూయించి పూర్తిగా ఆరనివ్వాలి. స్టేజీ బూట్లతో బయట నడవనివ్వకండి. రోడ్ల మీద చల్లిన ఉప్పు తోలు మీద తెల్ల చారలు కడుతుంది, అడుగున దిగిన ఇసుక స్టేజీని గీస్తుంది. తడిస్తే లోపల కాగితాలు కుక్కి గదిలోనే ఆరనివ్వండి. హీటర్ దగ్గర పెడితే తోలు పగులుతుంది.

## దాచడం, తిరిగి ఇవ్వడం

ఉన్ని ప్లాఖ్తాల మధ్య కలరా ఉండలు వేయొచ్చా?

వేయకండి. ఆ వాసన ఉన్నిలోంచి నెలల తరబడి పోదు. వేసుకునేది పిల్లలు. జి6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైము కొరత) ఉన్న పిల్లలకు ఈ ఉండల్లో ఉండే నాఫ్తలీన్ రక్తకణాలను పగలగొట్టేంత ప్రమాదం. పురుగు పట్టేది ముఖ్యంగా చెమట, తిండి అంటిన ఉన్నికి. కాబట్టి శుభ్రం చేశాకే పెట్టెలో పెట్టండి. అనుమానముంటే బట్టను ప్లాస్టిక్ సంచిలో గాలి తీసి కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజు సంచి విప్పకండి, విప్పితే తేమ బట్ట మీదికి దిగుతుంది.

వినోక్, బూట్లు, జాకెట్టు ఎలా పెట్టాలి?

రిబ్బన్లను అట్ట గొట్టానికి వదులుగా చుట్టి, వినోక్‌ను గుండ్రటి టోపీ డబ్బాలో. బూట్ల గొట్టాల్లో చుట్టిన కాగితం పెట్టి నిలబెట్టండి, వాలితే మడత దగ్గర తోలు చీలుతుంది. వెల్వెట్‌ను మడతపెట్టకుండా వెడల్పాటి హ్యాంగరుకు, నూలు సంచి తొడిగి వేలాడదీయండి. ప్లాస్టిక్ కవరు వద్దు, లోపల చెమ్మ నిలుస్తుంది.

బడికి తిరిగిచ్చేటప్పుడు ఏం చూసుకోవాలి?

మీ పిన్నీసులన్నీ తీశారా అన్నది మొదట. వచ్చే ఏడు ఇంకో పిల్లకు గుచ్చుకుంటాయి. ఊడిన హుక్కు, తెగిన టాకా మీరే వేసివ్వండి. సాధ్యం కానిదానికి ఆ చోట దారంతో చిన్న గుర్తు కట్టి, ఏమైందో చీటీ రాసి హ్యాంగరుకు తగిలించండి. మీరు వేసిన టక్కులు విప్పకండి. ఎంత మడత పెట్టారో మాత్రం ఆ చీటీలోనే రాయండి.